జీను మోత

మొన్న కొత్తకోటలో మా అక్క మనుమడి పెండ్లి. బారాత్‌లో పిల్లవాణ్ణి గుర్రం ఎక్కించారు. అందరూ డీజే ముందు ఎగురుతుంటే నేను మెల్లగా గుర్రం పక్కకు చేరి, పెండ్లికొడుకు తొడ కిందికి చెయ్యి పోనిచ్చాను. వాడు ఉలిక్కిపడి, "తాతా! ఏం జేస్తున్నవే?" అని అరిచాడు. ఆడపెండ్లివాళ్ళంతా ఒక్కసారి నావైపు తిరిగారు. ఈ ఇంట్లో ముసలివాళ్ళు ఇట్లాంటి బాపతా అన్న అనుమానం వాళ్ళ మొహాల్లో స్పష్టంగా కనిపించింది.

నేను వెతికింది ఒక ముద్ర. జీను ఎడమ రెక్క అడుగున, బొటనవేలంత జాగాలో, తోలులోకి దిగబడి ఉంటుంది. అది దొరకలేదు. ఆ జీను పట్నం నుంచి తెచ్చిన సరుకు. అంతా స్పంజి, తళుకు గుడ్డ, రేకు పూలు. చెయ్యి వెనక్కి తీసుకుంటే వేళ్ళకు తడి తగిలింది. చెమట అనుకున్నాను. లైట్ల వెలుగులో చూస్తే చీమూ నెత్తురూ. గుర్రం వీపు మీద పుండు, పుండు మీద జీను, జీను మీద షేర్వాణీ, షేర్వాణీలో మావాడు. గుర్రం నావైపు తల తిప్పి కన్నీరు కార్చింది.

కార్చలేదు. దానికి నాతో ఏం పని? డీజే పెట్టెల దిక్కు చూస్తూ చెవులు వెనక్కి పెట్టుకుని నిలబడింది, అంతే. కానీ ఆ తడి వేళ్ళతో నేను అక్కడ నిలబడ్డప్పుడు జీన్లు కుట్టే ఆ ముసలాయన యాదికొచ్చాడు. చచ్చినవాళ్ళను మంచిగా తలుచుకోవాలంటారు. నేనూ ప్రయత్నం చేశాను. కుదరలేదు.

ఆయన పేరు రాయను. అచ్చులో పేరు చూసుకుంటే ఎక్కడున్నా సంతోషపడతాడు. ఆ సంతోషం నా చేతుల మీదుగా ఆయనకు అందడం నాకిష్టం లేదు.

పాత బస్టాండు వెనక సందులో వాళ్ళ జీన్ల దుకాణం. నేను బస్సు కండక్టరుగా ఉన్నప్పుడే దాని ఎదురింట్లో కిరాయికి దిగి, రిటైరైనంక కూడా అక్కడే ఉండిపోయాను. వాళ్ళది ఏడు తరాల పని. సంస్థానం రాజుగారి గుర్రపుశాలలో ప్రతి గుర్రం వీపు మీదా వాళ్ళ కుట్టే. వాళ్ళ ముత్తాత కుట్టిన జీను మీద ఏనుగు కాలు పెట్టినా దారం తెగలేదట.

ఈ కథ బస్సులో జడ్చర్ల దాటిన దగ్గర్నుంచి కొత్తకోట దాకా ఎంతమంది ప్రయాణికులకు చెప్పానో లెక్కలేదు. ఇప్పుడు నిజం రాస్తున్నాను. రాజుగారి గుర్రాల సంగతి ఎవరికీ తెలియదు. ముసలాయన తాత ఉప్పు మోసే గాడిదల వీపులకు గంతలు, అంటే మూటల కింద వేసే మెత్తలు, కుట్టాడు. తండ్రి పటేండ్ల గుర్రాలకూ టాంగా గుర్రాలకూ జీన్లు చేశాడు. ముసలాయన చేతికి వచ్చేసరికి పటేండ్లూ పోయారు, టాంగాలూ పోయాయి, పెండ్లి గుర్రాలు మిగిలాయి. అన్నీ కలిపితే మూడు తరాలు. "ఏడు తరాలు" అన్నమాట ముసలాయనదే. రాజుగారూ, ఏనుగూ మాత్రం నావి.

ఆయన మనిషి మొహం చూసేవాడు కాదు, వీపు చూసేవాడు. ఎవరు దుకాణంలోకి వచ్చినా వెనక్కి తిరిగినప్పుడు అరచేత్తో ఒక్కటి చరిచి, అది ఏ జాతి వీపో చెప్పేవాడు. ఆ చరుపుకు నాకు మొదటిసారి దగ్గు వచ్చింది. "నీది కండక్టర్ వీపు రా. ఆనుకోను కడ్డీ దొరికితే నిలబడి నిద్రపోతది" అన్నాడు. సందు చివర బడిపంతులును "గొర్రె వీపు, బొచ్చు తీస్తే ఏమీ ఉండదు" అన్నాడు. కొడుక్కు అమ్రాబాద్ దిక్కు పెండ్లిచూపులకు పోయినప్పుడు పిల్ల పేరు అడగలేదు, వంట వచ్చా అనలేదు. "జర అటు తిరగమనుర్రి" అన్నాడట. పిల్ల తిరిగింది. ముసలాయన చూసి, "మోస్తది" అని లేచాడట. అదే నిశ్చితార్థం. ఈ సంగతి ఆ కోడలు లింగమ్మే చెప్పింది నాకు, చాటలో జొన్నలు చెరుగుతూ, నవ్వుతూ. అప్పట్లో ఆమె నవ్వేది.

మాటలు కూడా తోలు కోసినట్టే ఉండేవి. "తోలుకు జాలి తెల్వదు. జాలిపడి కోస్తే వంకర పోతది" అనేవాడు. "పశువు సచ్చినంక గూడ పనికొస్తది. మనిషి సస్తే పూటకే కంపు. గందుకే మనిషిని పానం ఉన్నప్పుడే వాడుకోవాలె" అనేవాడు. రాష్ట్రం వచ్చినంక తంగేడు పువ్వును రాష్ట్రపు పువ్వుగా చేశారని నేను పేపరు చదివి వినిపిస్తే, ఆయన తోలు నానబెట్టే తొట్టిలో చెయ్యి పెట్టి తంగేడు చెక్క పిడికెడు పైకి తీశాడు. "మంచిదే. పువ్వు సర్కారుకు, కంపు మాకు" అని నా ధోతి మీద పిండాడు. ఆ మరక ఇప్పటికీ పోలేదు.

రాష్ట్రం వచ్చిన ఆ రోజుల్లోనే మా వార్డు లీడరొకడు గుర్రమెక్కి ర్యాలీ తీస్తానని జీను చేయించుకోవడానికి వచ్చాడు. ముసలాయన అతన్ని వెనక్కి తిప్పి కిందికీ మీదికీ చూసి, "నీ పిర్రలకు జీను గాదు, గంప గావాలె" అన్నాడు. లీడరు ఉడికిపోయి ఇంకెక్కడో జీను తెప్పించుకున్నాడు. ర్యాలీ నాడు చౌరస్తాలో అందరూ చూస్తుండగా గుర్రం మీద నుంచి దబ్బున పడ్డాడు. నిజానికి పడలేదు. మధ్యలోనే దిగి, "ప్రజలతో నడుస్త" అని నడిచాడు. కానీ దిగినంక కాళ్ళు ఎడం పెట్టుకుని నడిచాడు. అది చూసి ముసలాయన సాయంత్రం దాకా నవ్వాడు. ఆయన నవ్వితే పండ్లు కనపడేవి కాదు, భుజాలు కదిలేవి.

ఇప్పుడు మోత సంగతి.

ఆ ఇంట్లో కొత్త జీను నేరుగా గుర్రం మీదికి పోదు. చేసినవాడు ముందు మోయాలి. అంగీ విప్పి, వాకిట్లో మోకాళ్ళ మీద, అరచేతుల మీద వంగాలి. జీను వీపు మీద వేసి, పట్టీని పొట్ట కిందుగా బిగిస్తారు. ముసలాయన ఎక్కి కూర్చుంటాడు. బీడీ ముట్టిస్తాడు. బీడీ అయిపోయేదాకా మోత. తరువాత జీను విప్పి వీపు చూస్తాడు. ఎర్రగీత ఒక్కటి కనబడినా కత్తితో జీను కడుపు చీల్చి, లోపలి గొర్రె బొచ్చు పీకి వాకిట్లో పారేస్తాడు. మచ్చ లేకపోతే ఒక్క మాట, "పో." అంటే ఇక ఆ జీను గడప దాటి పోవచ్చునని. అప్పుడు మొలతాడుకు కట్టుకున్న ఇత్తడి ముద్ర తీసి, తడి చేసిన తోలు మీద ఆనించి కట్టె సుత్తితో కొడతాడు. ముద్ర మీద గుర్రం ఉందనేవాడు. నాకెప్పుడూ అది మేకలాగే కనబడింది.

ఇంకొక షరతు కూడా ఉంది. మోసేవాడు నోరు తెరవకూడదు. "గుర్రానికి నోరు లేదు. నీకున్నది, మూసుకో. అబ్బా అంటే మోత పోయినట్టె" అనేవాడు. "మరి నువ్వు మోసినవా?" అని నేనొకసారి అడిగాను. "మా నాయిన నన్ను మోయించి మోయించి ఒడగొట్టిండు. నా మోత అయిపోయింది" అన్నాడు.

ఇక మిగిలింది ఆయన కొడుకు నర్సింలు. నేను మొదటిసారి ఆ వాకిట్లో వాణ్ణి వంగి ఉండగా చూసినప్పుడు వాడి తల అప్పటికే నెరిసింది. మీద తండ్రి, తండ్రి నోట్లో బీడీ. వాడి మూతి మీది నుంచి చెమట చుక్కలు చుక్కలుగా మట్టిలో పడుతోంది. బీడీ అయిపోయింది, జీను దిగింది, వెన్నుపూస మీద ఎర్రగా రూపాయి బిళ్ళంత మచ్చ. ముసలాయన కత్తి తీశాడు. కొడుకు అంగీ తొడుక్కుంటూ గాలికి లేచిన బొచ్చును ఏరుకున్నాడు. ఆ తరువాత అదే జీను రెండోసారి, మూడోసారి. చివరికి గుర్రాలవాళ్ళు వచ్చి తొందరపెడితే ముసలాయన "కానియ్యి" అనేవాడు. కానియ్యి అంటే పో కాదు. దానికి ముద్ర ఉండదు. నర్సింలు చేతి జీన్లన్నీ ముద్ర లేకుండానే గడప దాటాయి. ముసలాయన చేతులు వణికి తాను కుట్టడం మానేసినంక, ముద్రపడే జీనే లేకుండా పోయింది.

నర్సింలు ఇంటి ఖర్చుకు మోటారుసైకిళ్ళ సీట్లకు తొడుగులు కుట్టేవాడు. ముసలాయన ఆ దిక్కు చూసేవాడు కాదు. "బండికి వీపుంటదా? వీపు లేనిదానికి కుట్టేటోడు దర్జీ" అనేవాడు. కొడుక్కు పిల్లలు కాలేదని కూడా ఊరుకోలేదు. "వంగే వంశం నీతోనే ఒడుస్తది" అని, ఎవరున్నా లేకున్నా, లింగమ్మ వినేటట్టు అనేవాడు.

ఒకరోజు చాయ్ తాగుతూ నర్సింలుతో అన్నాను: "అరే, గుర్రాలోడు ముద్ర అడగడు. పెండ్లికొడుకు అడగడు. గుర్రం అసలే అడగదు. నీకెందుకు రా గది?"

"నాకు గావాలె కాకా" అన్నాడు. చాయ్ గ్లాసు కింద పెట్టి, "నాయిన పొయ్యేలోపల ఒక్కపారి పో అనాలె. ఒక్క ముద్ర. అయినంక బండ్ల సీట్లే కుట్టుకుంట" అన్నాడు. ఆ మనిషి జీవితంలో నేను విన్న ఒకే ఒక్క కోరిక అది. అది ముసలాయనకూ తెలుసు. తెలిసే ఇవ్వలేదు.

మహబూబ్‌నగర్ నుంచి గుర్రాల ఖాసీం కొత్త తెల్ల గుర్రానికి జీను చెప్పిపోయాడు. నర్సింలు ఆ వానాకాలమంతా దాని పని మీదే కూర్చున్నాడు. తోలు వాడు కోశాడు. లోపలి గద్దె లింగమ్మ నింపింది. బొచ్చును నాలుగు నీళ్ళలో కడిగి, ఎండబెట్టి, ముళ్ళు ఏరి, దూదిలా చేసి నింపింది. కుట్లన్నీ ఆమెవే. ముసలాయన రోజూ వచ్చి బొటనవేలితో ఒత్తి చూసి ఏమీ అనకుండా పోయేవాడు. ఏమీ అనకపోవడం ఆ ఇంట్లో పెద్ద మెచ్చుకోలు. భార్యాభర్తలు ఒకరి మొహం ఒకరు చూసుకునేవారు.

జీను తీసుకుపోవడానికి ఖాసీం వచ్చిన రోజునే మోత పెట్టాడు ముసలాయన. అయితే ఆయనప్పటికి ఎండి కట్టెపుల్లయ్యాడు. "నేను కూసుంటె ఈగ కూసున్నట్టె. పెండ్లికొడుకు బరువు గావాలె. ఖాసీం, నువ్వెక్కు" అన్నాడు.

ఖాసీం నిండు మనిషి. వాకిలి గడపలో పక్కకు తిరిగి వచ్చేవాడు. "తౌబా తౌబా! మనిషి మీద నేనెట్ల కూసుంట పెద్దాయనా?" అన్నాడు.

"గుర్రం మీద కూసుంటలేవా? అది నిన్ను రా కూసో అని పిలిచిందా?"

"గుర్రం గుర్రమే, పెద్దాయనా..."

కింద వంగి ఉన్న నర్సింలు తల ఎత్తి, "ఎక్కు ఖాసీం భాయి. ఏంగాదు. ఎక్కు" అన్నాడు. బతిమాలినట్టే అన్నాడు. ఖాసీం ఎక్కాడు. మేమంతా నవ్వాం. నేను నవ్వలేదని ముందు రాసి, తరువాత కొట్టేశాను.

ముసలాయన పక్కన నిలబడి బీడీ ముట్టించాడు. మెల్లగా పీల్చాడు. అంత మెల్లగా పీలుస్తుంటే బీడీ ఆరిపోతుందేమో అనుకున్నాను. నర్సింలు మెడ నరాలు తాళ్ళలా లేచాయి. ఉన్నట్టుండి ఎండిన జొన్నదంటు విరిచినట్టు చప్పుడైంది. ఆ చప్పుడు నేను విన్నానని ఊరంతా చెప్పుకున్నాను. నేను వినలేదు. అప్పుడే సందు చివర లారీ హారన్ కొట్టింది. విన్నది దుకాణం కుక్క. గడప దగ్గర పడుకున్నది లేచి, చెవులు నిక్కబెట్టి, వచ్చి నర్సింలు మొహం వాసన చూడబోయింది.

"పో!" అన్నాడు ముసలాయన.

నర్సింలు చేతులు మడతపడి, ఛాతీ మీద కిందికి జారాడు. ఖాసీం పక్కకు దూకాడు. జీను విప్పాం. వీపు మీద మచ్చ లేదు. గీత లేదు. తడితడిగా, నున్నగా ఉంది. ముసలాయన వంగి, కళ్ళు చికిలించి, వేలితో రాసి చూశాడు.

నర్సింలు మట్టిలో చెంప ఆనించి నవ్వుతున్నాడు. "అన్నవు నాయినా. పో అన్నవు. అందరు ఇన్నరు."

వాడు లేవడం లేదని మాకెవరికీ తట్టలేదు. లింగమ్మ వచ్చి చెయ్యి పట్టి లాగితేగానీ తెలియలేదు. "లెవ్వు. ఓ, లెవ్వు. కాళ్ళు కదుపు" అన్నది ఆమె. వాడు కాళ్ళ దిక్కు, అవి ఎవరివో అన్నట్టు చూశాడు. కానీ నోరు విప్పి మళ్ళీ అదే మాట అన్నాడు: "పో అన్నడు."

మహబూబ్‌నగర్ దవాఖానలో కొన్ని రోజులు, పట్నం దవాఖానలో ఇంకొన్ని. నడుము కింద ఇక ఏమీ లేదన్నారు. మంచం మీద పడుకోబెట్టి ఇంటికి తెచ్చారు. మంచం వాకిట్లో దించగానే వాడడిగిన మొదటి మాట, "ముద్ర ఏసిండా?"

ముసలాయన అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో ఆ జీను. కొడుకు దవాఖానలో ఉన్నన్ని రోజులూ దాని కుట్టు కుట్టూ తడిమాడట, ఒక్క తప్పు దొరుకుతుందేమోనని. ఎదురింటి నుంచి నేను చూస్తూనే ఉన్నాను. తప్పు దొరికితే ఆయనకు బాగుండేది. దొరకలేదు.

ఖాసీం కూడా వచ్చాడు ఆ రోజు. తల ఎత్తడం లేదు. "పెద్దాయనా, ఆ ముద్ర కొట్టు. నేను తీస్కపోత. నాకు ఇంట్ల నిద్ర వస్తలేదు" అన్నాడు.

"మచ్చ లేకుండె గద నాయినా?" అన్నాడు నర్సింలు మంచం మీది నుంచి.

"లేకుండె."

"పో అన్నవు గద?"

ముసలాయన గడ్డం గోక్కున్నాడు. ఏ మనిషైనా ఇక్కడ అబద్ధమాడతాడు. నేనైతే ఒకటి అడిగితే మూడు ఆడేవాణ్ణి. "కుక్కను అన్న" అన్నాడు ఆయన.

ఆయన మామూలుగా, పని సంగతి మాట్లాడుతున్నట్టు, "బీడీ సగం గూడ కాలలే. మోత ఒడువలే. ఒడువని మోతకు ముద్ర లేదు" అన్నాడు.

"మల్ల మోస్త" అన్నాడు నర్సింలు.

"ఎట్ల మోస్తవు?" అని అడిగాడు ముసలాయన. ఎగతాళిగా కాదు. నిజంగానే, వేరే మార్గమేమైనా ఉందా అన్నట్టు అడిగాడు. ఆయనను నేను అసహ్యించుకోవడం అక్కడ మొదలైంది.

లింగమ్మ వంటింట్లో రొట్టెలు చేస్తోంది. అంతా విన్నది. బయటికి వచ్చి పిండి చేతులు తొట్టి దగ్గర కడుక్కుంది. కొంగు నడుముకు దోపింది. మామ ఒళ్ళోంచి జీను లాక్కుని వాకిట్లో పడేసి, దాని పక్కన మోకాళ్ళ మీద వంగింది.

"చేసినోళ్ళు మొయ్యాలె, గంతే గద? కుట్లు నావి. గద్దె నాది. వెయ్యి మామా" అన్నది.

"ఆడదానికి మోత లేదు."

"పెండ్లిచూపులల్ల వీపు సూసినవు గద. మోస్తది అన్నవు గద. ముట్టియ్యి బీడీ."

మనిషి ఎక్కడానికి ఎవరూ సిద్ధంగా లేరు. ముసలాయన ఖాసీంకు చెయ్యి చూపించాడు, మూలన గుర్రాల కోసం పెట్టిన ఉలవల బస్తా దిక్కు. ఖాసీం ఏడుస్తూనే ఎత్తాడు. జీను మీద బస్తా. ముసలాయన బీడీ ముట్టించాడు. ఈసారి గబగబా పీల్చాడని రాస్తే నాకు తృప్తిగా ఉంటుంది. పీల్చలేదు. ఎప్పటిలాగే పీల్చాడు. నర్సింలు మంచం మీది నుంచి రెప్ప వేయకుండా చూస్తున్నాడు. లింగమ్మ మోచేతులు వణికాయి. గాజు ఒకటి చిట్లి, అరచెయ్యి కింద నెత్తురు మట్టిలో కలిసింది. నోరు మాత్రం తెరవలేదు. బీడీ చివరిదాకా కాలి ముసలాయన వేళ్ళు చురుక్కుమన్నాయి. విసిరేశాడు.

బస్తా దింపారు. జీను తీశారు. ఇక వీపు చూడాలి. లింగమ్మ వంగినచోటనే ఉండి, "సూడు మామా" అన్నది.

జన్మంతా వీపులు చూసిన మనిషి మొహం పక్కకు తిప్పుకున్నాడు. గోడ దిక్కు చూస్తూ, "పో" అన్నాడు.

ముద్ర తీసి కొట్టాడు. ఒక్క దెబ్బకు సరిగ్గా దిగింది. ఖాసీం జీను భుజాన వేసుకుని వెనక్కి చూడకుండా పోయాడు. ఇప్పటికీ ఏ బారాత్ కనబడినా నేను గుర్రం మీది వాళ్ళ తొడల కింద చేతులు పెట్టేది దానికోసమే.

లింగమ్మ లేచి, మోకాళ్ళ మట్టి దులుపుకుని, మొగుడి మంచం దగ్గరికి పోయింది. "అన్నడు. ఇన్నవా? ముద్ర గూడ పడ్డది" అన్నది. ఆమె మొహంలో అంత వెలుగు నేను అంతకు ముందు చూడలేదు, తరువాత చూడలేదు.

నర్సింలు ఆమెను చూడలేదు. నన్ను చూస్తూ అన్నాడు: "నలుపు ఎంటికలప్పటి సంది వంగిన కాకా. నాకు రాని మాట, ఇది ఒక్కపారి వంగి తెచ్చుకున్నది. అదిగూడ వీపు సూడకుంటనే అన్నడు దీనికి." అంతటితో భార్యతో మాటలు బంద్ పెట్టాడు. ఆమె అన్నం తినిపించేది, తుడిచేది, బట్టలు మార్చేది, పుండ్లు పడకుండా పూటకిన్నిసార్లు అటూ ఇటూ తిప్పేది. వాడు అవసరమైంది గోడకు చెప్పేవాడు. నేను ఉంటే నాతో చెప్పేవాడు, "కాకా, నీళ్ళు గావాలని చెప్పు" అని, పక్కనే ఉన్న ఆమెకు. అరుగు మీద ముసలాయన ఇదంతా వినేవాడు. భుజాలు కదిలేవో లేదో నేను చూడలేదు. చూస్తే రాసేవాణ్ణే.

దుకాణం లింగమ్మ చేతికి వచ్చింది. బండ్ల సీట్లు కుట్టింది. మళ్ళీ ఎవరూ జీను అడగలేదు.

మరుసటి ఎండాకాలం, పొద్దున గోడకు ఆనుకుని చాయ్ కోసం ఎదురుచూస్తూ ముసలాయన పోయాడు. కొరివికి పాలివాళ్ళ పిల్లవాణ్ణి పిలిపించారు. మోత్కూరు నుంచి ఆయన అక్క వచ్చింది. ఆయనకన్నా పెద్దది, గొంతు మాత్రం డప్పు. శవానికి స్నానం పోసేటప్పుడు నేను చెంబు అందిస్తూ దగ్గర నిలబడ్డాను. వెనక్కి తిప్పారు. ఆ వీపు నిండా పాత మచ్చలు, తండ్రి మోయించిన మోతల గీతలు, ఎండిన చెరువు నెర్రెల్లా ఉన్నాయని రాస్తే చదివేవాళ్ళు కళ్ళు తుడుచుకుంటారు. వెంటనే ఆయనను క్షమించేస్తారు కూడా. అట్లా రాద్దామనే కూర్చున్నాను.

ఒక్క మచ్చ లేదు. పసిపిల్లవాడి వీపు. మెడ కింద ఒక పుట్టుమచ్చ, అంతే.

నాకు నోరు ఊరుకోదు. "అక్కా, మీ నాయిన ఇంతగనం మోత మోయించిండని మీ తమ్ముడు అనేటోడు గద, వీపు గింత నున్నగ ఎట్లున్నది?" అన్నాను.

"ఏం మోత?" అన్నది ఆమె.

"అదే. కొత్త జీను కొడుకు వీపు మీదేసి కూసునేది."

"థూ! మనిషి మీద ఎవడన్న జీనేస్తడా, పిచ్చోడు గాకపోతె? మా నాయిన కొత్త జీను గాడిద మీదేసి, ఊరు సుట్టు తిప్పుకొచ్చి, ఆ గాడిదకు బెల్లం ముక్క పెట్టేటోడు. గీ తమ్ముని మీద ఒక్కనాడు చెయ్యి లేపలే. సచ్చేదాక సంకకెత్తుకున్నడు."

ఆమె గొంతు చిన్నగా ఉండి ఉంటే బాగుండేది. లోపలి గదిలో మంచం మీది నుంచి నర్సింలు పిలిచాడు. "అత్తా! నీకు యాదిలేదు. ఇట్ల రా." ఆమె పోయింది. నేనూ, లింగమ్మా వెనక పోయాం.

"యాదిలేకేంది అల్లుడా? నేను ఆ ఇంట్ల పుట్టిన బిడ్డను."

"ఉండె. మా తాత ఉండంగ ఉండె. ముత్తాతలప్పటి సంది ఉండె. నాయిన చెప్పిండు." వాడి గొంతులో ఎప్పుడూ లేని ఒక గట్టిదనం. చేతుల మీద ఛాతీని పైకి లేపాడు, కాళ్ళు ఈడ్చుకుపోతున్నా. "కాకా, నువ్వు చెప్పు. సంస్థానం కాలం నుంచి ఉన్నది గద? ఏడు తరాల సంది. నువ్వు బస్సుల అందరికి చెప్పేటోనివి గద?"

నేను అబద్ధాల ఖజానాను. రాజుగారిని పుట్టించినవాణ్ణి, ఏనుగును ఎక్కించినవాణ్ణి. ఆ రోజు నోరు తెరిచాను: "ఉండె రా. లేకేం..."

"నువ్వూకో మామా" అన్నది లింగమ్మ నాతో. మొగుడి కళ్ళలోకి సూటిగా చూసింది. "లేదట. ఇన్నవు గద? లేనే లేదట. మీ నాయినే పుట్టిచ్చిండు."

నర్సింలు ఆమె దిక్కు తిరిగాడు. వాకిట్లో నీళ్ళు పోసే చప్పుడు, ముసలమ్మ ముక్కు చీదే చప్పుడు. అన్ని నెలల తరువాత పెండ్లాంతో మాట్లాడాడు.

"లేకుంటె నువ్వెందుకు వంగినవు?"

ఆమె నా దిక్కు తిరిగి, "కాళ్ళు పట్టు మామా. తిప్పే యాళ్లయింది" అన్నది. పట్టాను. ప్రాణం లేని కాళ్ళు అంత బరువుంటాయని నాకు తెలియదు. ఆమె భుజాలు పట్టి అతన్ని గోడ దిక్కుకు తిప్పింది, అంగీ పైకెత్తి వీపంతా తడిమింది, మళ్ళీ కిందికి లాగింది. బయట డప్పు మొదలైంది. లేచి తలుపు దగ్గరికి వేసి వచ్చి, మంచం పట్టె మీద కూర్చుంది.